రెండో లైను ఎందుకు, ఎంతవరకు?

(తాండూరులో జరిగిన మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. విషయం ఏమిటని అడిగితే "ఇంటర్నెట్టు గురించి ఏదైనా చెప్పండి" అన్నారు. ఏదైనా చెప్పడం నాకు చేతకాదు. నా సలహా వల్ల జరిగిన ఒక పొరపాటు గురించి చెబుతాను. దానివల్ల మా మేనల్లుడికి ఒక కంపెనీ బిల్లు ఒక నెలలో రెండింతలు దాటింది. దూరసంచార శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసిన మనిషి సలహా కదా అని వాడు నమ్మాడు. అందుకే ఈ సభలో ఒప్పుకోవడం న్యాయం.

మా వాడిది తాండూరే. తండ్రి కాలంలో కేబుల్ టీవీ, ఇప్పుడు ఇంటర్నెట్టు. అయిదు వందల ఇళ్లు, నాలుగు నాపరాయి పాలిషింగ్ యూనిట్లు, బస్టాండు దగ్గర ఒక ఆన్‌లైన్ సర్వీసు కేంద్రం - ఇదీ వాడి వ్యాపారం. వాడు తయారుచేసేది ఏమీ లేదు. పెద్ద కంపెనీల దగ్గర టోకుగా కొని ఇళ్లకు చిల్లరగా అమ్ముతాడు. ఒకే కంపెనీని నమ్ముకుంటే అది ఆగిన రోజు అయిదు వందల ఇళ్లవాళ్లూ వాడి గుమ్మం ముందుంటారు. కనుక రెండు కంపెనీల దగ్గర తీసుకున్నాడు.

మొదటిసారి తీసుకున్నప్పుడు ఒక తమాషా జరిగింది. రెండు కంపెనీలు వేరు, రెండు బిల్లులు వేరు. ఒకనాడు మధ్యాహ్నం ధారూర్ దాటాక రోడ్డు పనిలో జేసీబీ తవ్వితే రెండూ ఒకేసారి పోయాయి. చూస్తే రెండు కేబుళ్లూ వికారాబాద్ రోడ్డు పక్కన ఒకే కందకంలో పడుకుని ఉన్నాయి. "మామా, రెండు తీసుకుంటే గూడ ఒక్కటే అయ్యె గదా" అన్నాడు. ఆ తర్వాత వాడు ఒక కంపెనీని మార్చి, కర్ణాటక వైపు సేడం మీదుగా వచ్చే లైను తీసుకున్నాడు. రైల్లో తిరిగిన మనకు ఇది తెలిసిందే. తాండూరుకు తూర్పున వికారాబాద్ ఉంది, పడమట సేడం, వాడి ఉన్నాయి. ఒక పక్క దారి మూసుకుంటే రెండో పక్కన మనిషి రావచ్చు. రెండో లైను తీసుకునేవారు ముందుగా అడగవలసింది కంపెనీ పేరు కాదు, కేబుల్ ఏ దారిన వస్తున్నదీ అని. ఈ ముక్క కంపెనీ ఏజెంటుకు తెలియకపోవచ్చు, లైన్‌మన్‌కు తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. టోకు ఇంటర్నెట్టులో రెండు అంకెలుంటాయి. ఒకటి గొట్టం సైజు. మా వాడి దగ్గర రెండు కంపెనీల గొట్టాలూ చెరి 1000 మెగాబిట్లు. మన లెక్కలో చెబితే, మనం ఎంతో గొప్పగా ప్రారంభోత్సవాలు చేసిన 30 ఛానళ్ల పీసీఎం సిస్టమ్ 2 మెగాబిట్ల పైచిలుకు. అలాంటివి 488 పడతాయి ఇందులో. అంటే ఒక్క వేలిమందం లేని తీగ మీద ఒకేసారి 14,640 ట్రంకు కాల్స్ అన్నమాట. వికారాబాద్ ట్రంకు బోర్డు ముందు కూర్చుని, హైదరాబాదుకు ఒక్క లైను ఖాళీ అవుతుందా అని చెవికి హెడ్‌సెట్టు తగిలించుకుని ఎదురుచూసిన అక్కయ్యలు ఈ సభలో ఉన్నారు. ఆర్డినరీకి ఒక రేటు, అర్జెంటుకు రెండింతలు, లైట్నింగుకు ఎనిమిదింతలు వేసిన రోజులవి. ఇప్పటి పిల్లలకు ఈ అంకెలు చెబితే నవ్వుతారు.

రెండో అంకె కట్టుబాటు. వాళ్ల మాటలో కమిట్ అంటారు. "నెలకు ఇంత వాడుకుంటాను, వాడినా వాడకపోయినా దీనికి డబ్బు కడతాను" అని ఒప్పందం. దాటితే దాటినంతకు వేరే రేటు, సాధారణంగా ఎక్కువ రేటు. కొన్ని కంపెనీలు ఈ గొడవ లేకుండా కట్టిన మేరకే గొట్టం బిగించి ఇస్తాయి. దాటడమనేదే ఉండదు, అందరికీ నెమ్మదిస్తుంది, అంతే. మా వాడివి రెండూ కొలిచి బిల్లు వేసే రకం. వికారాబాద్ వైపు కంపెనీకి 700 మెగాబిట్లు, సేడం వైపు కంపెనీకి 300 కట్టుబాటు.

మన తాండూరు చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీల్లో పనిచేసిన బంధువులు మీ అందరికీ ఉంటారు. వాళ్లకు ఈ పద్ధతి బాగా తెలుసు. హెచ్.టి. కరెంటుకు కాంట్రాక్టెడ్ డిమాండ్ అని రాసిస్తారు. దానిలో నూటికి 80 వంతులకన్నా తక్కువ వాడినా ఆ 80 వంతులకు డిమాండ్ చార్జీ కట్టవలసిందే. నెలలో ఒక్కసారి మీటరు ఎక్కువ డిమాండు చూపిందా, ఆ నెలంతా ఆ అంకె మీదే లెక్క. అందుకే ఫ్యాక్టరీలో పెద్ద మోటార్లన్నీ ఒకేసారి ఆన్ చెయ్యనివ్వరు.

ఇంటర్నెట్టు వాళ్లు ఇక్కడ కొంచెం దయగలవాళ్లు. ప్రతి 5 నిమిషాలకు ఒకసారి ఎంత పోతున్నదో కొలిచి రాసుకుంటారు. గంటకు 12 కొలతలు, రోజుకు 288, 30 రోజుల నెలకు 8,640. నెలాఖరున వీటిని పెద్దది మొదలు చిన్నదాకా వరుసగా పేరుస్తారు. పైనుంచి నూటికి 5 వంతులు, అంటే 432 కొలతలు, తీసి పక్కన పారేస్తారు. 433వ కొలత ఎంత ఉంటే ఆ నెల వాడకం అంత. అది కట్టుబాటుకన్నా తక్కువైతే కట్టుబాటుకే డబ్బు, ఎక్కువైతే ఎక్కువకు.

ఆ 432 కొలతలు ఎన్ని గంటలో చూడండి. సరిగ్గా 36 గంటలు. నెలలో 36 గంటలపాటు మీరు గొట్టం పగిలేట్టు వాడుకున్నా పైసా అదనం లేదు. 36 గంటల మీద ఒక్క 5 నిమిషాలు దాటిందా, ఆ 433వ కొలత నెలంతటి బిల్లు అయి కూర్చుంటుంది. ఫిబ్రవరిలో ఈ ఉచితం 33 గంటల పైన కొద్దిగా, 31 రోజుల నెలలో 37 గంటల పైన కొద్దిగా.

మన పాతవాళ్లకు ఇందులో కొత్తేమీ లేదు. డెన్మార్కులో కోపెన్‌హేగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ మహాశయుడు 1909లోనే ఫోన్ కాల్స్ రద్దీకి లెక్క కట్టాడు. మనం 'బిజీ అవర్' ట్రాఫిక్కు చూసి ఎన్ని ట్రంకులు వెయ్యాలో నిర్ణయించేవాళ్లం. ముందు నేరుగా పోయే రూటు నింపడం, అది నిండితే మిగిలినవి టాండెం ఎక్స్చేంజి మీదుగా పొంగి పోనివ్వడం - రెండు కంపెనీల మధ్య హద్దులు పెట్టడమూ అదే విద్య.

మా వాడికి రాత్రి 8 నుంచి 11 దాకా రద్దీ. రోజుకు 3 గంటలు, నెలకు 90 గంటలు. ఉచితం 36. అంటే ఇళ్లకు అమ్మేవాడికి ఆ ఉచితం రోజువారీ రద్దీకి సరిపోదు. సాయంత్రపు రద్దీయే వాడి బిల్లు. రెండు కంపెనీలకూ చెరి 36 గంటలు వంతులవారీగా వాడినా 72 దగ్గర ఆగుతుంది. కొందరు గడుసువాళ్లు ఇలా వంతులు వేసి నెట్టుకొస్తారు. నాకది నచ్చదు. ఆ 36 గంటలు ఆపద్ధనం. కేబుల్ తెగిన రోజుకు దాచుకోవాలి. కనుక సాయంత్రపు రద్దీ 900 మెగాబిట్లు ఉంటే కట్టుబాట్లు రెండూ కలిపి అంతకు సరిపడా ఉండాలి. మా వాడికి 700, 300 కలిపి 1000. బాగానే ఉంది.

ఇక పంచడం ఎలా? బయటికి పోయేదాన్ని మన రూటరులో మనం ఏ దారిన అంటే ఆ దారిన తోలవచ్చు. ఇళ్లల్లో జనం పంపేది తక్కువ, తెప్పించుకునేది ఎక్కువ. వచ్చేదానికి దారి నిర్ణయించేది పంపేవాడు. ఉత్తరం హైదరాబాదులో సార్టింగు చేసేవాడు ఏ సంచిలో వేస్తే ఆ దారిన వస్తుంది కదా, మనం తాండూరులో కూర్చుని ఏం చేస్తాం? పిన్‌కోడులో 501141 చూసి వాడు తాండూరు సంచిలో వేస్తాడు, 501101 చూసి వికారాబాద్ సంచిలో వేస్తాడు. ఇంటర్నెట్టులోనూ చిరునామా చూసే దారి. మా వాడికి 1024 చిరునామాల ఒక కట్ట ఉంది. దాన్ని 256 చొప్పున నాలుగు ముక్కలు చేశాడు. మూడు ముక్కలకు "ఇటు రండి" అని వికారాబాద్ వైపు కంపెనీ ద్వారా చాటించాడు, ఒక ముక్కకు సేడం వైపు. అంతకన్నా చిన్న ముక్కను బయటి ప్రపంచం ఒప్పుకోదు. ఇళ్లను ఈ ముక్కల మీద సర్దితే దాదాపు 3కు 1 చొప్పున వస్తుంది. 700కు 300 చొప్పునకు దగ్గరే. తూకం అక్షరాలా కుదరదు. అందుకే హద్దును కట్టుబాటు దగ్గర కాక దానికి కాస్త ముందే పెట్టుకోవాలి. 700కు 650 దగ్గరా, 300కు 270 దగ్గరా హెచ్చరిక మోగాలి.

ఇక్కడే నా సలహా వచ్చింది. ఒక లైను పోతే మొత్తం కట్ట రెండో దారిన చాటించే పని రూటరే చేసుకోగలదు. మా వాడు అలా పెడతానన్నాడు. నేను వద్దన్నాను. మైక్రోవేవ్ రోజుల్లో లైను ఒక నిమిషం వచ్చి, ఒక నిమిషం పోయి, మారుతూ మారుతూ కాల్స్ అన్నీ తెగడం నేను చూశాను. "అల్లుడూ, చేత్తో మార్చు. మనిషి చూసి మార్చినదే నయం" అన్నాను. వాడు విన్నాడు.

2024 నవంబరు. ఒక గురువారం సాయంత్రం 6 గంటలకు వికారాబాద్ వైపు కేబుల్ తెగింది. వాడు పది నిమిషాల్లో అంతా సేడం వైపు మార్చాడు. ఇళ్లల్లో ఎవరికీ తెలియలేదు. నవంబరు అంటే మనకు ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. మర్నాడు శుక్రవారం బస్టాండు దగ్గర సర్వీసు కేంద్రంలో పింఛనుదారుల వరుస. జీవన్ ప్రమాణ్ 2014లో వచ్చింది, ముఖం చూపి చేసే పద్ధతి 2021లో. బషీరాబాద్ వైపు పల్లె నుంచి మనవడి మోటారుసైకిలు మీద వచ్చిన మన పాత సహోద్యోగి ఒకాయన, ఎనభై దాటినవారు, వేలిముద్ర నాలుగుసార్లు పెట్టినా పడక, చివరికి ముఖం చూపితే పని అయింది. ఎనభై నిండినవారికి అక్టోబరు 1 నుంచే అవకాశం ఉంది, ఆయన నవంబరు దాకా ఆగారు. ఆ శుక్రవారం రెండో లైను లేకపోతే ఆయన ఇంకోసారి రావలసి వచ్చేది. రెండో లైను ఎందుకని ఎవరైనా అడిగితే నేను ఆయననే చూపిస్తాను.

శుక్రవారం అర్ధరాత్రికి కేబుల్ బాగైంది. శనివారం మా బంధువుల పెళ్లి, పర్గిలో. నేనూ వెళ్లాను, వాడూ వచ్చాడు. ఇద్దరం పక్కపక్కన కూర్చుని భోజనం చేశాం. లైను తిరిగి మార్చాలన్న సంగతి వాడికీ గుర్తులేదు, నాకూ గుర్తులేదు. ఇళ్లల్లో ఎవరికీ ఇబ్బంది లేదు కనుక ఎవరూ ఫోనూ చెయ్యలేదు. సోమవారం ఉదయం దుకాణం తెరిచి చూస్తే అంతా ఇంకా సేడం వైపే పోతున్నది.

తర్వాత కాగితం మీద లెక్క వేశాం. రాత్రి 1 నుంచి ఉదయం 6 దాకా వాడకం 300కు లోపలే, ఆ గంటలు వదిలెయ్యండి. కేబుల్ తెగి ఉన్న 30 గంటల్లో 300 దాటినవి 25. ఉచితం 36 కనుక ఆపద వల్ల ఒక్క రూపాయి అదనం పడేది కాదు. ఆ తర్వాత మా మరపు వల్ల శుక్రవారం అర్ధరాత్రి నుంచి ఒక గంట, శనివారం 19, ఆదివారం 19. మొత్తం 64 గంటలు. పెద్దవి 36 గంటలు తీసేస్తే, 433వ కొలత పగటి వాడకం దగ్గర, సుమారు 600 దగ్గర నిలిచింది. 300 కట్టుబాటుకు 600 బిల్లు, అదీ పై 300కు ఎక్కువ రేటున. వికారాబాద్ వైపు కంపెనీకి ఆ నాలుగు రోజులు చుక్క వాడకపోయినా 700 కట్టుబాటు పూర్తిగా కట్టాలి. "మామా, బిల్లు డబులు మీదికొచ్చింది, ఏం జేయాలె?" అని ఫోను. కంపెనీ తప్పేం లేదు, కట్టెయ్యమన్నాను. సగం నేనిస్తానంటే వాడు ఒప్పుకోలేదు. వాళ్లమ్మ, అంటే మా చెల్లెలు, "మీ మామ సలహాకు ఫీజు అనుకో" అన్నదట.

ఇందులో ఇంకో సూక్ష్మం ఉంది. సోమవారం ఉదయానికే 36 గంటలు దాటిపోయాయి. వాడు కంగారుపడి ఆ నెల మిగిలిన రోజులన్నీ సేడం వైపు గొట్టాన్ని 200 దగ్గర బిగించి ఉంచాడు. ఆ లైనులో ఉన్న ఇళ్లవాళ్లు తిట్టారు. నిజానికి బిల్లు 600 దగ్గర నిలిచిపోయాక 600 లోపల ఎంత వాడుకున్నా అదనం లేదు. దెబ్బ తగిలాక ఆ నెలకు పొదుపు వల్ల లాభం లేదు. పొదుపు చెయ్యవలసింది 36వ గంటకు ముందు.

ఇప్పుడు ఎలా పెట్టుకున్నాడో చెబుతాను. లైను పోతే రూటరే వెంటనే మారుస్తుంది. పోయిన లైను తిరిగి వస్తే అరగంటపాటు నిలకడగా ఉన్నదని చూసి, అప్పుడు దానంతటదే వెనక్కి మారుస్తుంది. నా మైక్రోవేవ్ భయానికి ఆ అరగంటే మందు. అది నాకు ముందే తట్టవలసింది. ఒక్కో కంపెనీకి ఆ నెలలో కట్టుబాటు దాటిన గంటలెన్నో లెక్కపెట్టే గడియారం పెట్టాడు. 20 గంటలు దాటితే వాడికి, 30 దాటితే నాకు కూడా మెసేజి వస్తుంది. 33 దాటితే గొట్టాన్ని కట్టుబాటు దగ్గరికి బిగిస్తుంది. అప్పుడు కూడా సర్వీసు కేంద్రాన్ని, ఆఫీసులను ముందు పోనిచ్చి, సినిమాలను నెమ్మది చేస్తుంది. ముందే బిగించాలా, 33 దాకా ఆగాలా అని మా ఇద్దరికీ వాదం జరిగింది. వాడు లైను తెగిన క్షణమే బిగిస్తానన్నాడు. కట్టుబాటుతోపాటు వచ్చిన హక్కును వాడుకోకుండా అయిదు వందల ఇళ్లను ఇబ్బంది పెట్టడం ఎందుకని నేనన్నాను. ఈసారి కూడా నా మాటే విన్నాడు. చూడాలి.

వికారాబాద్ వైపు కట్టుబాటు 700 నుంచి 600కు తగ్గించమని అడిగాడు. కట్టుబాటు పెంచమంటే మర్నాడే పెంచుతారు. తగ్గించమంటే అగ్రిమెంటు గడువు చూసుకోమంటారు. కాబట్టి మొదట తక్కువ రాసి, అవసరాన్నిబట్టి పెంచుకోవడమే మంచిది. గొట్టం మాత్రం మొదటే పెద్దది అడగాలి. రెండో లైను కట్టుబాటు చిన్నది, గొట్టం మొత్తం బరువు మోయగలిగినంత పెద్దది, దారి వేరు - ఈ మూడూ ఉంటేనే అది రెండో లైను.

ఇదంతా మన ఇళ్లకు ఎంతవరకు వర్తిస్తుందని వెనకవరుసలో అడుగుతున్నారు. మీ ఇంటి బిల్లుకు 433వ కొలత లేదు, భయపడకండి. మీకు రాసిచ్చేది "వంద వరకు" అని. ఆ "వరకు" అన్నమాట చూసుకోండి. అది కట్టుబాటు కాదు, పైకప్పు. బ్రాడ్‌బ్యాండ్ అని పిలవడానికి కనీస వేగం 2023 నుంచి 2 మెగాబిట్లు అని ప్రభుత్వం నిర్ణయించింది. 2004లో అది 256 కిలోబిట్లు. నెలవారీ పరిమితి దాటితే వేగం ఎంతకు పడుతుందో ముందే అడిగి తెలుసుకోండి. జీవన్ ప్రమాణ్ కోసమని ఇంటికి రెండో బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకోనక్కరలేదు, దానికి పట్టే డేటా చాలా కొద్ది. ఇంట్లో తీగ ద్వారా ఒకటి, ఫోనులో వేరే కంపెనీ సిమ్ము ఒకటి ఉంటే చాలు. రాత్రి 8 గంటలకు కాక పొద్దున్నే చేసుకోండి.

ఇంటినుంచి ఉద్యోగం చేసే కొడుకులు, కోడళ్లు ఉన్నవారి సంగతి వేరు. వారికి రెండు తీగలు అవసరమే కావచ్చు. అలాంటివారు ఆ రెండు తీగలూ వీధి చివర ఒకే స్తంభం ఎక్కుతున్నాయేమో ఒకసారి బయటికి వచ్చి చూడమని చెప్పండి.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. మా మేనల్లుడు హాలు బయటే ఉన్నాడు, ఆ నవంబరు నెల కొలతల కాగితాలు తెచ్చాడు. చూడాలనుకున్నవారు చాయ్ అప్పుడు వాడిని అడగవచ్చు. ఈ ఏడు లైఫ్ సర్టిఫికెట్ ఇంకా ఇవ్వనివారు పీపీఓ నంబరు, ఆధార్, ఫోను తీసుకుని వస్తే భోజనాల లోపల ఇక్కడే చేసిపెడతాడు.